జావా మాత్రమే తెలిసినవాళ్లు వెబ్ యాప్ ఎలా కట్టాలి: హార్బర్ ఐస్ ఖాతా ఉదాహరణగా

విశాఖలో జావా వచ్చినవాళ్లకు కొదవ లేదు. రుషికొండ ఐటీ హిల్స్ మీద, మధురవాడలో కూర్చుని బ్యాకెండ్ సర్వీసులు రాసేవాళ్లు బోలెడంతమంది. కానీ "మా వ్యాపారానికి చిన్న యాప్ ఒకటి చేసిపెట్టవా" అని బావమరిదో, పక్కింటి అంకులో అడిగితే సగం మంది మాట దాటేస్తారు. డేటాబేస్ చూసుకోగలరు, ఏపీఐ రాయగలరు. స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి రియాక్ట్, టైప్‌స్క్రిప్ట్ మొదటి నుంచి నేర్చుకోవాలా అని టెన్షన్.

స్క్రీన్‌ను కూడా సర్వర్ వైపు జావాలోనే కట్టుకునే ఫ్రేమ్‌వర్కులు ఇరవై ఏళ్లుగా ఉన్నాయి. పది మందో, వంద మందో వాడే ఆఫీసు యాప్‌కి నా ఓటు వాటికే. ఒక ఉదాహరణ పెట్టుకుని మొదటి నుంచి సర్వర్ మీద పెట్టేదాకా వెళ్దాం.

ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్లకు ఐస్ వేసే వ్యాపారి ఒకరున్నారనుకోండి. మెకనైజ్డ్ బోటు వేటకు వెళ్లిందంటే రోజుల తరబడి సముద్రంలోనే ఉంటుంది. బయల్దేరే ముందు డీజిల్‌తో పాటు ఐస్ ఎక్కించుకోవాలి. మన వ్యాపారి ఐస్ అరువు మీద ఇస్తారు, బోటు తిరిగొచ్చి చేపలు అమ్ముడయ్యాక బాకీ కడతారు. లెక్కంతా పొడవాటి ఖాతా పుస్తకంలో. మనకు కావాల్సినవి మూడు స్క్రీన్లు: ఐస్ ఇచ్చినప్పుడు గుమస్తా ఎంట్రీ వేసేది, డబ్బు వచ్చినప్పుడు జమ రాసేది, ఏ బోటు ఎంత బాకీ ఉందో యజమాని చూసుకునేది.

ఒక చిన్న మాట. జావా పేర్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. ఎడిటర్‌లో నాలుగక్షరాలు కొడితే అసలు పేరు అదే చూపిస్తుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఈ పద్ధతిలో టెక్స్ట్ బాక్సు, బటన్, పట్టిక అన్నీ సర్వర్ మెమరీలో ఉండే జావా ఆబ్జెక్టులు. బ్రౌజర్‌లో కనిపించేది వాటి రూపం మాత్రమే. గుమస్తా "సేవ్" నొక్కగానే ఒక చిన్న మెసేజ్ సర్వర్‌కు వెళ్తుంది, అక్కడ మీరు రాసిన క్లిక్ లిజనర్ నడుస్తుంది, స్క్రీన్‌లో మారిన భాగం వరకే బ్రౌజర్‌కు తిరిగొస్తుంది. ఆ యూజర్ స్క్రీన్లకు సంబంధించిన ఆబ్జెక్టులన్నీ అతని సెషన్‌లో ఉంటాయి.

ఇది బుర్రలో ఉంచుకుంటే మిగతా నిర్ణయాలన్నీ దాన్నుంచే వస్తాయి. ప్రతి క్లిక్కూ సర్వర్ దాకా వెళ్తుంది కాబట్టి నెట్ లేకపోతే యాప్ లేదు. ప్రతి యూజర్‌కూ సర్వర్‌లో కొంత మెమరీ పోతుంది కాబట్టి లక్షల మంది వచ్చిపోయే పబ్లిక్ సైటుకు ఇది సరైన దారి కాదు. సముద్రంలో సిగ్నల్ లేని చోట సరంగు వాడాల్సిన యాప్‌కు అసలే పనికిరాదు. మరోవైపు లెక్కలు, రూల్సు అన్నీ సర్వర్‌లోనే ఉంటాయి. ఏపీఐ విడిగా రాయడం, దానికి తగ్గట్టు ఫ్రంటెండ్‌లో మళ్లీ అవే క్లాసులు రాయడం అనే డబుల్ చాకిరీ తప్పుతుంది.

ఏది ఎంచుకోవాలి

జకార్తా ఫేసెస్ 2004లో జేఎస్ఎఫ్ పేరుతో వచ్చింది. పాత ప్రాజెక్టుల్లో ఎక్కువగా తగిలేది ఇదే, సాధారణంగా ప్రైమ్‌ఫేసెస్ అనే కాంపొనెంట్ల లైబ్రరీ తోడుగా. అపాచీ వికెట్‌లో హెచ్‌టీఎంఎల్ విడిగా, జావా విడిగా జంటగా ఉంటాయి, డిజైనర్ పక్కన ఉన్నవాళ్లకు బాగుంటుంది. జెడ్‌కేలో స్క్రీన్‌ను ఎక్స్‌ఎంఎల్‌లో రాసుకోవచ్చు. ఫిన్లాండ్‌కు చెందిన వాడిన్‌లో హెచ్‌టీఎంఎల్ ముట్టుకోకుండా మొత్తం జావాలోనే నడిపించవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను వాడిన్ చెబుతాను, కింద ఉన్నదంతా వాడిన్ 24 ప్రకారం. 2023లో వచ్చిన ఈ వెర్షన్‌కు కనీసం జావా 17, స్ప్రింగ్ బూట్ 3 కావాలి. అసలు ఫ్రేమ్‌వర్కు ఉచితమే. చార్ట్స్, గ్రిడ్ ప్రో లాంటి కొన్ని కాంపొనెంట్లకు మాత్రం లైసెన్సు కొనాలి. డబ్బు పెట్టే ఉద్దేశం లేకపోతే మొదటి రోజు నుంచే వాటి జోలికి వెళ్లకండి.

నెట్‌లో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. 2018లో వచ్చిన వాడిన్ 10తో లోపలి నిర్మాణం మొత్తం మారిపోయింది. అంతకు ముందు 7, 8 వెర్షన్లకు రాసిన సమాధానాలు ఇంకా కుప్పలుగా కనిపిస్తాయి, అతికిస్తే కంపైల్ కావు. ఇంపోర్ట్ లైన్లో "వాడిన్" తర్వాత "ఫ్లో" అనే మాట లేకపోతే అది పాత సరుకని అర్థం.

ప్రాజెక్టు దించుకోండి

వాడిన్ వారి స్టార్ట్ పేజీలో ఖాళీ స్ప్రింగ్ బూట్ ప్రాజెక్టు జిప్‌గా దొరుకుతుంది. దించుకుని ఇంటెలిజె లేదా ఎక్లిప్స్‌లో తెరిచి మెయిన్ క్లాసు రన్ చేయండి, 8080 పోర్టులో స్క్రీన్ వస్తుంది. మొదటిసారి మేవెన్ లైబ్రరీలు చాలా దించుకుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉంటే ఆ రోజు డేటా అక్కడికే సరి, కాబట్టి వైఫై ఉన్నచోట చేయండి. డేటాబేస్‌గా మొదట్లో హెచ్2 చాలు. అసలు వాడకానికి పోస్ట్‌గ్రెస్.

స్క్రీన్ కంటే ముందు లెక్క

మూడు ఎంటిటీలు రాసుకోండి: బోటు, ఐస్ ఎంట్రీ, జమ. బోటుకు పేరుతో పాటు ఐఎన్‌డీ-ఏపీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ కూడా పెట్టండి, ఎందుకంటే దేవుళ్ల పేర్లు పెట్టుకున్న బోట్లు హార్బర్‌లో బోలెడు, పేరొక్కటే చూసి ఎంట్రీ వేస్తే ఒకరి బాకీ ఇంకొకరి నెత్తిన పడుతుంది.

డబ్బుకు బిగ్‌డెసిమల్ వాడండి, డబుల్ వద్దు. బాకీ అనే కాలమ్ టేబుల్లో పెట్టొద్దు. ఇచ్చిన ఐస్ విలువలోంచి జమలు తీసేస్తే వచ్చేదే బాకీ, అడిగినప్పుడల్లా డేటాబేసే లెక్కకట్టి ఇవ్వాలి. అయితే ఐస్ ధర మారుతుంటుంది కాబట్టి ఆ రోజు ధరను ఎంట్రీలోనే రాసి పెట్టుకోండి. ఇద్దరు ఒకే ఎంట్రీని ఒకేసారి దిద్దితే రెండోవాళ్లకు తెలిసేలా ఎంటిటీలో వెర్షన్ ఫీల్డ్ ఉంచండి. ఈ రూల్సన్నీ సర్వీస్ క్లాసుల్లో ఉండాలి. స్క్రీన్ క్లాసులో రిపాజిటరీని నేరుగా పిలిచే అలవాటు మొదట్లో సుఖంగానే ఉంటుంది, మూడో స్క్రీన్‌కి వచ్చేసరికి ఒకే లెక్క మూడు చోట్ల మూడు రకాలుగా తేలుతుంది.

ఎంట్రీ స్క్రీన్

వర్టికల్‌లేఅవుట్‌ను ఎక్స్‌టెండ్ చేస్తూ ఒక క్లాసు రాసి, పైన రూట్ అనే అనొటేషన్ పెట్టి అడ్రసు ఇవ్వండి. కన్‌స్ట్రక్టర్‌లో సర్వీస్‌ను తీసుకోండి, స్ప్రింగే అందిస్తుంది. తర్వాత అదే కన్‌స్ట్రక్టర్‌లో కాంపొనెంట్లు కట్టుకుంటూ పోవడమే: బోటుకు కాంబోబాక్స్, ఐస్ దిమ్మల సంఖ్యకు ఇంటీజర్‌ఫీల్డ్, తేదీకి డేట్‌పికర్, చివర సేవ్ బటన్. అన్నింటినీ యాడ్ చేస్తే స్క్రీన్ తయారు. మారిన కోడ్ చూసుకోవడానికి ప్రతిసారీ యాప్ ఆపి మొదలుపెట్టే బదులు స్ప్రింగ్ బూట్ డెవ్‌టూల్స్ ఆన్ చేసుకోండి.

ఇప్పుడు బ్రౌజర్‌లో ఎఫ్12 కొట్టి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, సేవ్ నొక్కి చూడండి. యూఐడీఎల్ అని ఉన్న ఒక పోస్ట్ రిక్వెస్ట్ కనిపిస్తుంది. తెరిస్తే ఏ నంబరు కాంపొనెంట్ మీద క్లిక్ జరిగిందో అందులో ఉంటుంది. జవాబులో మొత్తం పేజీ ఉండదు, మారిన ప్రాపర్టీలే ఉంటాయి. మీ జావా క్లిక్ లిజనర్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టి మళ్లీ నొక్కండి, ఆ రిక్వెస్ట్ మీరు వదిలేదాకా పెండింగ్‌లోనే ఉంటుంది. చాలామందికి ఈ పద్ధతి నిజంగా ఎక్కేది ఇక్కడే. సర్వర్‌లో మీ లిజనర్ ఎంతసేపు ఆలోచిస్తే, కౌంటర్ దగ్గర గుమస్తా అంతసేపు పైన తిరిగే గీతను చూస్తూ నిలబడాలి.

గుమస్తా చేతివేగం మౌస్ మీద ఉండదు. సేవ్ బటన్‌కు ఎంటర్ కీని షార్ట్‌కట్‌గా కట్టండి. సేవ్ అయ్యాక ఫారం ఖాళీ చేసి కర్సర్‌ను మళ్లీ బోటు దగ్గర పెట్టండి. తేదీ మాత్రం అలాగే ఉంచండి.

బైండర్, చెకింగ్

ఫీల్డుల్లోని విలువలను ఒక్కొక్కటిగా తీసి ఎంటిటీలో పెట్టే కోడ్ రాయకండి. ఆ పనికే బైండర్ ఉంది. ప్రతి ఫీల్డుకూ ఫర్‌ఫీల్డ్ అని మొదలుపెట్టి, తప్పనిసరి అయితే యాజ్‌రిక్వైర్డ్, నిబంధన ఉంటే విత్‌వాలిడేటర్, చివర బైండ్. సేవ్‌లో రైట్‌బీన్‌ఇఫ్‌వాలిడ్ పిలిస్తే అన్నీ సరిగ్గా ఉన్నప్పుడే ఎంటిటీలోకి రాస్తుంది, లేకపోతే తప్పున్న ఫీల్డు కింద ఎర్రగా సందేశం వస్తుంది. ఆ సందేశాలు మనుషులు మాట్లాడుకునే తెలుగులో రాయండి. "చెల్లని విలువ" అంటే గుమస్తాకు ఏం తెలుస్తుంది? "ఎన్ని దిమ్మలో వేయలేదు" అనండి.

తేదీ దగ్గర ఒక చిక్కుంది. లొకేల్ అమెరికా ఇంగ్లిష్‌గా ఉంటే డేట్‌పికర్ నెల ముందు, రోజు తర్వాత చూపిస్తుంది. జూన్ 4 అనుకుని కొట్టింది ఏప్రిల్ 6గా పడుతుంది, పైగా ఎర్రర్ కూడా రాదు. డేట్‌పికర్ ఐ18ఎన్ సెట్టింగ్‌లో రోజు, నెల, సంవత్సరం వరసను మీరే ఖాయం చేయండి. నెలల పేర్లు కూడా అక్కడే తెలుగులో ఇవ్వొచ్చు.

మన ఊరి లెక్క ఇంకొకటి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ తేదీల్లో మెకనైజ్డ్ బోటు పేరు మీద ఐస్ ఎంట్రీ పడుతోందంటే సాధారణంగా తేదీ తప్పు కొట్టారని అర్థం. అయితే దీన్ని కఠినంగా ఆపేయకండి, "నిషేధం రోజులు, తేదీ సరేనా?" అని కన్ఫర్మ్‌డైలాగ్‌తో అడిగి వదిలేయండి. మార్చిలో ఇచ్చింది ఇప్పుడు రాస్తున్నా, ఇంకేదైనా అవసరమున్నా గుమస్తా పని ఆగకూడదు.

బాకీల పట్టిక

అసలు చిక్కు గ్రిడ్ దగ్గరుంది, ఇక్కడ కాస్త ఆగండి.

గ్రిడ్‌కు సెట్‌ఐటమ్స్ అని ఒక లిస్టు ఇచ్చేస్తే పది వరసలకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. డెమోలో ఎవరికీ తేడా తెలియదు. ఏడాది తిరిగేసరికి ఎంట్రీలు 20,000 అయ్యాయనుకోండి. ఒక్కో ఎంట్రీ ఆబ్జెక్టుకు 1 కేబీ వేసుకున్నా ఆ లిస్టుకు 20 ఎంబీ, అదీ తెరిచిన ప్రతి ట్యాబ్‌కూ విడివిడిగా. యజమాని మూడు ట్యాబులు తెరిచి ఇంటికెళ్లిపోతే 60 ఎంబీ ఆయన పేరు మీదే కూర్చుంటుంది. యాప్ స్లో అయిందని ఫోన్ వస్తుంది, మీరేమో సర్వర్ పెద్దది తీసుకోవాలేమో అని లెక్కలు వేస్తుంటారు.

అందుకని సెట్‌ఐటమ్స్‌కు లిస్టు బదులు ఒక లాంబ్డా ఇవ్వండి. స్క్రోల్ చేసే కొద్దీ గ్రిడ్ "ఇక్కడి నుంచి ఇన్ని వరసలు కావాలి" అని ఆఫ్‌సెట్, లిమిట్ పంపి అడుగుతుంది, డిఫాల్ట్‌గా 50 చొప్పున. వాటిని స్ప్రింగ్ డేటా పేజ్‌రిక్వెస్ట్‌గా మార్చే రెడీమేడ్ హెల్పర్ క్లాసు వాడిన్‌లోనే ఉంది. ఆర్డర్ బై తప్పనిసరి, లేకపోతే ఒకే బోటు రెండుసార్లు కనిపించడం, ఇంకోటి మాయమవడం లాంటి వింతలు జరుగుతాయి.

పట్టికకు పూర్తి ఎంటిటీలు అక్కర్లేదు. బోటు పేరు, నంబరు, బాకీ, చివరి జమ తేదీ ఉన్న ఒక చిన్న రికార్డ్ క్లాసు చేసుకుని క్వెరీ నుంచి నేరుగా అదే తెచ్చుకోండి. ట్రాన్సాక్షన్ అయిపోయాక లేజీ రిలేషన్‌ను ముట్టుకుంటే వచ్చే హైబర్‌నేట్ ఎర్రర్ కూడా దీంతో తప్పుతుంది.

పైన బోటు పేరుతో వెతికే టెక్స్ట్‌ఫీల్డ్ పెట్టి, దాని వాల్యూ చేంజ్ మోడ్‌ను లేజీ చేయండి. అప్పుడు ప్రతి అక్షరానికీ కాకుండా, టైపింగ్ కాస్త ఆగాక ఒక్కసారే సర్వర్‌కు వెళ్తుంది. లిజనర్‌లో రిఫ్రెష్‌ఆల్ అంటే సరిపోతుంది.

గుమస్తా కొడితే యజమానికి కనిపించాలంటే

మామూలుగా బ్రౌజర్ అడిగితేనే సర్వర్ జవాబిస్తుంది. జమ పడగానే యజమాని స్క్రీన్‌లో బాకీ తనంతట తానే మారాలంటే పుష్ కావాలి. యాప్‌షెల్‌కాన్ఫిగరేటర్ ఉన్న క్లాసు మీద పుష్ అనొటేషన్ పెడితే వెబ్‌సాకెట్ తెరుచుకుంటుంది. వేరే థ్రెడ్ నుంచి స్క్రీన్‌ను మార్చేటప్పుడు ఆ కోడ్‌ను తప్పకుండా యూఐ.యాక్సెస్ లోపల పెట్టండి. అలా పెట్టకుండా రాస్తే ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి పేలుతుంది, పట్టుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

స్క్రీన్ అటాచ్ అయినప్పుడు లిజనర్‌గా చేర్చుకున్నది, డిటాచ్ అయినప్పుడు తీసేయాలి. చేర్చినప్పుడు తిరిగొచ్చే రిజిస్ట్రేషన్ ఆబ్జెక్టును దాచుకుని డిటాచ్‌లో రిమూవ్ పిలవండి. మరిచిపోతే మూసేసిన ట్యాబుల ఆబ్జెక్టులన్నీ మెమరీలో పోగుపడతాయి. నిజానికి ముగ్గురు వాడే యాప్‌కి పుష్ అవసరమా అని ముందు అడగండి. "రిఫ్రెష్" బటన్ పెడితే యజమాని ఒప్పుకుంటే అదే పెట్టేయండి.

మొహమాటం లేకుండా చెప్పాల్సినవి

స్క్రీన్‌కు సంబంధించిన దేన్నీ స్టాటిక్ వేరియబుల్లో పెట్టొద్దు. సర్వర్ ఒక్కటే, అందరూ అందులోనే ఉన్నారు. గుమస్తా ఎంచుకున్న బోటు స్టాటిక్‌లో ఉంటే యజమాని స్క్రీన్‌లో కూడా అదే ఎంచుకున్నట్టు అవుతుంది. మీ లాప్‌టాప్‌లో మీరొక్కరే టెస్ట్ చేస్తారు కాబట్టి ఇది డెవలప్‌మెంట్‌లో ఎప్పటికీ బయటపడదు. ఒక బ్రౌజర్‌లో గుమస్తాగా, ఇంకో బ్రౌజర్‌లో యజమానిగా లాగిన్ అయి పక్కపక్కన పెట్టుకుని చూడటం అలవాటు చేసుకోండి. వ్యూ క్లాసులను స్ప్రింగ్ సింగిల్టన్ చేయడం కూడా ఇదే కోవలోది.

సేవ్ బటన్‌కు డిజేబుల్‌ఆన్‌క్లిక్ ఆన్ చేయండి. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు జనం రెండు మూడుసార్లు నొక్కుతారు, ఒక బోటుకు మూడుసార్లు ఐస్ పడుతుంది. పని అయ్యాక బటన్‌ను మళ్లీ ఎనేబుల్ చేసేది మీరే, ఎర్రర్ వచ్చినా సరే ఫైనల్లీలో పెట్టండి.

నెల రిపోర్టు లాంటి ఎక్కువసేపు పట్టే పనిని క్లిక్ లిజనర్‌లో నేరుగా నడిపించొద్దు. ఒక రిక్వెస్ట్ నడుస్తున్నంతసేపు ఆ యూజర్ సెషన్‌కు తాళం పడి ఉంటుంది, అతని మిగతా ట్యాబులు కూడా ఆగిపోతాయి. పనిని వేరే థ్రెడ్‌కు ఇచ్చి, అయ్యాక యూఐ.యాక్సెస్‌తో చెప్పించండి. పుష్ నిజంగా కావాల్సింది ఇలాంటి చోట.

యూజర్ కొట్టిన మాటలను చూపించేటప్పుడు సెట్‌టెక్స్ట్ వాడండి. హెచ్‌టీఎంఎల్ కాంపొనెంట్‌లో పడేస్తే ఎవరో ఒకరు రిమార్క్స్‌లో స్క్రిప్టు రాస్తారు.

లాగిన్‌కు స్ప్రింగ్ సెక్యూరిటీ సరిపోతుంది. వాడిన్ ఇచ్చే వాడిన్‌వెబ్‌సెక్యూరిటీ క్లాసును ఎక్స్‌టెండ్ చేసి, ప్రతి వ్యూ మీద రోల్స్‌అలౌడ్ పెట్టండి. జమ దిద్దే స్క్రీన్ యజమానికి మాత్రమే.

సర్వర్ మీద పెట్టడం

ప్రొడక్షన్ ప్రొఫైల్‌తో మేవెన్ ప్యాకేజ్ చేస్తే ఒక్క జార్ ఫైలు వస్తుంది, జావా ఉన్న ఏ లైనక్స్ మెషీన్ మీదైనా నడుస్తుంది. ఆ ప్రొఫైల్ మరిచిపోయి డెవలప్‌మెంట్ జార్‌ను పెట్టేయడం చాలా చోట్ల జరిగే పని, ప్రొఫైల్ పేరు ముందే సరిచూసుకోండి.

మెషీన్ ఎక్కడుందన్నది ఈ పద్ధతిలో మామూలు కంటే ముఖ్యం. ఫైబర్‌లో సిగ్నల్ సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. విశాఖ నుంచి హైదరాబాద్ 600 కిలోమీటర్ల పైచిలుకు, పోనూరానూ ఆరేడు మిల్లీసెకన్లు. అమెరికా తూర్పు తీరం 13,000 కిలోమీటర్లు దాటి ఉంటుంది, అంటే ఎంత మంచి లైనైనా 130కి తక్కువ రాదు, కేబుళ్లు తిరిగితిరిగి వెళ్తాయి కాబట్టి ఇంకా ఎక్కువే. ప్రతి క్లిక్కుకూ ఇది కట్టాల్సిందే. అమెజాన్ క్లౌడ్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నుంచి హైదరాబాద్‌లో రీజియన్లున్నాయి. నాలుగు డాలర్లు తక్కువని దూరపు రీజియన్ ఎంచుకోకండి.

యాప్‌కు ముందు ప్రాక్సీగా ఎన్‌జిన్‌ఎక్స్ పెడితే, పుష్ వాడుతున్నప్పుడు అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లు పంపేలా రాయాలి, 60 సెకన్ల డిఫాల్ట్ రీడ్ టైమౌట్ పెంచాలి. రెండు సర్వర్లు పెట్టే స్థాయికి వెళ్తే స్టికీ సెషన్ (ఒక యూజర్ ఎప్పుడూ అదే సర్వర్‌కు వెళ్లేలా చూడటం) తప్పదు, ఎందుకంటే యూజర్ స్క్రీన్ ఒక సర్వర్ మెమరీలోనే ఉంది.

ట్యాబ్ తెరిచి ఉన్నంతకాలం వాడిన్ ప్రతి 5 నిమిషాలకు ఒక హార్ట్‌బీట్ పంపి సెషన్‌ను బతికిస్తుంది. రాత్రంతా తెరిచి వదిలేసిన స్క్రీన్లు మెమరీ తింటున్నాయనిపిస్తే క్లోజ్‌ఐడిల్‌సెషన్స్ ఆన్ చేయండి, అప్పుడు వాడకం లేని సెషన్ టైమౌట్‌కు మూసుకుంటుంది. గుమస్తా టీకి వెళ్లొచ్చేలోపు లాగౌట్ అయిపోకుండా టైమౌట్ చూసి పెట్టండి.

హార్బర్‌కు వెళ్లే ముందు క్రోమ్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో స్పీడును స్లో చేసి మొత్తం ఎంట్రీ ఒకసారి వేసి చూడండి. ఆటోమేటిక్ టెస్టులకు కరిబు-టెస్టింగ్ ఉచితం, బ్రౌజర్ తెరవకుండానే స్క్రీన్ క్లాసులను పరీక్షిస్తుంది. కనీసం ఐస్ ఎంట్రీ, జమ స్క్రీన్లకు రాసి ఉంచండి.

కొత్త వెర్షన్ పెట్టి యాప్ రీస్టార్ట్ చేస్తే, విడిగా ఏర్పాటు చేసుకుంటే తప్ప, తెరిచి ఉన్న సెషన్లన్నీ పోతాయి. ఫారంలో సగం కొట్టినది కూడా పోతుంది. కాబట్టి బోట్లు బయల్దేరే తెల్లవారుజామున ఆ పని పెట్టుకోకండి. ఐస్ లోడింగ్ లేని వేళ ఏదో గుమస్తానే అడిగి, అప్పుడు చేయండి. టేబుళ్లు మార్చే పెద్ద మార్పులుంటే నిషేధం నెలలకు వాయిదా వేసి, జూన్ మొదటి వారానికల్లా ముగించండి.